నీతి పాలేరుకి, మాఫీ దొరకి

అమెరికా కంపెనీలు సరుకులే కాదు, నీతిని కూడా తయారు చేస్తాయి. పెద్ద కంపెనీ ఏదైనా సరే, దానికో నీతి పుస్తకం ఉంటుంది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, ముందుమాట కింద ఛైర్మన్ గారి సంతకం. లంచం పుచ్చుకోవద్దు, అబద్ధం ఆడొద్దు, తోటివాణ్ణి గౌరవించు, కంపెనీ సొమ్ము ముట్టుకోవద్దు అని అందులో రాసి ఉంటుంది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు అది చదివానని సంతకం పెట్టాలి. చాలా కంపెనీల్లో ఏటా మళ్లీ పెట్టాలి. దీని పేరు 'బిజినెస్ ఎథిక్స్'. కాలేజీల్లో దీనికో సబ్జెక్టు, పరీక్షలు, ప్రొఫెసర్లు. కంపెనీల్లో దీని కోసమే ఒక పెద్ద ఆఫీసరు.

నీతి ఉంటే మంచిదే గదా, తప్పేముంది అంటారా? తప్పు లేదు. కానీ నీతి అన్న మాట చెవిన పడగానే మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎవడు చెప్తున్నాడు? ఎవడికి చెప్తున్నాడు? మనకు నీతులు చెప్పినోళ్లను తరతరాలుగా చూసినోళ్లం మనం. 'చెప్పేవి శ్రీరంగనీతులు' అని ఊళ్లో సామెత. దాని రెండో సగం మనం పలకం. నీతి తప్పినవాడు నీతులు చెప్పిన పెద్దమనిషి, తిట్టు మాత్రం తీసుకెళ్లి దొమ్మరోళ్ల గుడిసెకు తగిలించారు. తప్పు పైవాడిది, మచ్చ కిందోడిది. అమెరికా కంపెనీ నీతి కూడా సరిగ్గా ఇట్లాగే నడుస్తుంది. ఎట్లాగో చూద్దాం.

ఎనిమిది ఖాతాల కథ

వెల్స్ ఫార్గో అని అమెరికాలో ఒక బ్యాంకు. 1852లో పుట్టింది. అక్కడి నాలుగైదు పెద్ద బ్యాంకుల్లో ఒకటి. హైదరాబాదులో కూడా దీనికి పెద్ద ఆఫీసులున్నాయి.

ఈ బ్యాంకు దొరలు ఒక లెక్క వేశారు. ఒక్కో ఖాతాదారుడికి ఒక్క ఖాతాతో సరిపెట్టకూడదు, ఎనిమిది అంటగట్టాలి. పొదుపు ఖాతా, కరెంటు ఖాతా, క్రెడిట్ కార్డు, డెబిట్ కార్డు, అప్పు, బీమా, ఇట్లా ఎనిమిది. ఏడెందుకు కాదు, తొమ్మిదెందుకు కాదు? 'ఎయిట్' అన్న మాటకి 'గ్రేట్' అన్న మాటతో ప్రాస కుదురుతుందట! 'ఎయిట్ ఈజ్ గ్రేట్' అని నినాదం. దొరగారి ప్రాస సరదాకి కౌంటర్ దగ్గర నిలబడ్డ పిల్ల ఉద్యోగం పణం.

పై నుంచి జిల్లాకి కోటా, జిల్లా నుంచి బ్రాంచికి కోటా, బ్రాంచి నుంచి మనిషికి కోటా. ఇవాళ ఎన్ని అమ్మావు? రేపు ఎన్ని అమ్ముతావు? కోటా తప్పినవాడికి తిట్లు, ఉద్యోగం పోతుందన్న బెదిరింపు. మరి జనానికి ఎనిమిది ఖాతాలు ఎందుకు? అక్కర్లేదు. అక్కర్లేనిది అమ్మమంటే ఏం చేస్తారు? దొంగ ఖాతాలు తెరిచారు. ఖాతాదారుడికి తెలియకుండా, అతని పేరు మీద. దొంగ ఈ-మెయిలు అడ్రసులు పుట్టించారు. ఒక ఖాతాలో డబ్బు ఇంకో ఖాతాలోకి తిప్పారు. ఆ దొంగ ఖాతాలకు ఫీజులు పడ్డాయి. కట్టింది ఎవరు? ఏ పాపం ఎరగని ఖాతాదారుడు.

2013 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. 2015లో లాస్ ఏంజెలెస్ నగరం కోర్టుకెక్కింది. 2016 సెప్టెంబరులో ప్రభుత్వ సంస్థలు, నగరం కలిసి 18.5 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. అప్పటికి తేలిన అనుమానపు ఖాతాలు 20 లక్షలు. మరుసటి ఏడు లెక్క తిరగేస్తే 35 లక్షలయ్యాయి.

ఇప్పుడు శిక్షల లెక్క చూడండి. ఐదేళ్లలో 5,300 మందిని ఉద్యోగాల నుంచి తీసేశారు. ఎక్కువమంది బ్రాంచీల్లో కౌంటర్ల దగ్గర పనిచేసేవాళ్లు, వాళ్ల మీద ఉండే చిన్న మేనేజర్లు. ఎందుకు తీసేశారు? 'నీతి నియమాలు ఉల్లంఘించారు' గనుక! దొంగ ఖాతాలు తెరవొద్దని వాళ్లకు తరగతులు పెట్టి మరీ చెప్పారట. ఉదయం నీతి తరగతి, సాయంత్రం కోటా లెక్క. తరగతికి మార్కుల్లేవు, కోటాకి ఉద్యోగం ఉంది. మనిషి దేన్ని పాటిస్తాడు?

ఆ బ్యాంకు పెద్దాయన జాన్ స్టంఫ్. 2015 ఒక్క ఏడాదికి ఆయన సంపాదన 1 కోటి 93 లక్షల డాలర్లు. దొంగ ఖాతాలు తెరిచిన విభాగానికి పెద్ద కారీ టోల్‌స్టెడ్ అనే ఆవిడ. జరిమానా పడ్డ ఏడాదే ఆవిడ రిటైర్ అవుతున్నట్టు బ్యాంకు ప్రకటించింది. చేతికి రావాల్సిన షేర్ల విలువ 12 కోట్ల డాలర్ల పైమాటే. 2016 సెప్టెంబరులో సెనేట్ కమిటీ ముందు స్టంఫ్‌ని కూర్చోబెట్టి ఎలిజబెత్ వారెన్ అనే సెనేటర్ నిలదీసింది. నీ జేబులో నుంచి ఒక్క సెంటు తిరిగిచ్చావా, పైవాళ్లలో ఒక్కణ్ణి తీసేశావా అని అడిగింది. జవాబు లేదు. ఎందుకంటే ఎనిమిది ఖాతాల లెక్క చూపించే బ్యాంకు తన షేరు ధర పెంచుకుంది. షేరు పెరిగితే దొరల ఆస్తి పెరిగింది. దొంగతనం కౌంటర్ దగ్గర జరిగింది, మూట మేడ ఎక్కింది.

జనం గోల పెట్టాక, పత్రికలు వదలకుండా రాశాకే ఇద్దరి దగ్గరా కొన్ని కోట్ల డాలర్ల షేర్లు వెనక్కి తీసుకున్నారు. 2020 జనవరిలో స్టంఫ్‌కి 1 కోటి 75 లక్షల డాలర్ల జరిమానా వేసి, మళ్లీ బ్యాంకింగులో అడుగు పెట్టకుండా నిషేధించారు. జైలు లేదు. 2020 ఫిబ్రవరిలో బ్యాంకు 300 కోట్ల డాలర్లు కట్టి, అందుకోలేని కోటాలు పెట్టి ఉద్యోగుల్ని పిండామని ఒప్పుకుంది. టోల్‌స్టెడ్ ప్రభుత్వ తనిఖీకి అడ్డుపడ్డ నేరం ఒప్పుకుంటే 2023లో మూడేళ్ల ప్రొబేషన్ వేశారు, అందులో ఆరు నెలలు ఇంట్లోనే ఉండాలి. పెద్దోళ్లకి ఇల్లే జైలు.

ఫోన్ చేసినోడి గతి

ఇంకో సంగతి వినండి. ఈ కంపెనీల్లో 'ఎథిక్స్ లైన్' అని ఒక ఫోన్ నంబరు ఉంటుంది. తప్పు జరుగుతుంటే చూసినవాడు దానికి ఫోన్ చేసి చెప్పొచ్చు, పేరు బయటికి రాదు, నీకు రక్షణ ఉంటుంది అంటారు. వెల్స్ ఫార్గోలో ఆ నంబరు నమ్మి ఫోన్ చేశాక తమ ఉద్యోగాలే పోయాయని కొందరు ఉద్యోగులు బయటికొచ్చి చెప్పారు. ఇట్లా ఫిర్యాదు చేసిన ఒక మేనేజరుని 2010లో తీసేస్తే, 2017లో అమెరికా కార్మిక శాఖ కలగజేసుకుని అతణ్ణి తిరిగి పనిలో పెట్టుకోమని, 54 లక్షల డాలర్లు ఇమ్మని ఆర్డరు వేసింది. నిజం చెప్పినందుకు ఏడేళ్లు! ఆ ఏడేళ్లు అతని ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో ఏ నీతి పుస్తకంలోనూ రాయరు.

పటేల్ మీద ఫిర్యాదు పటేల్ ఇంట్లోనే ఇవ్వమన్నట్టుంది ఈ ఏర్పాటు.

ఇంతకీ ఈ బ్యాంకు చేతిలో ఎక్కువ నలిగింది ఎవరు? 2004 నుంచి 2009 దాకా ఇళ్ల అప్పుల్లో నల్లజాతివాళ్ల దగ్గర, హిస్పానిక్ జనం దగ్గర తెల్లవాళ్ల కంటే ఎక్కువ వసూలు చేశారని అమెరికా న్యాయశాఖ కేసు పెట్టింది. 2012లో తప్పు ఒప్పుకోకుండానే బ్యాంకు 17.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. 2017 డిసెంబరులో నవాహో అనే అక్కడి ఆదివాసీ జాతి కోర్టుకెక్కింది. ఇంగ్లీషు రాని మా ముసలివాళ్ల చేత అక్కర్లేని ఖాతాలు తెరిపించారని ఆరోపించింది. 2019లో 65 లక్షల డాలర్లు ఇచ్చి బ్యాంకు బయటపడింది. వేలిముద్ర వేయించుకుని భూమి రాయించుకున్న కథలు మనకు కొత్త కాదు. అమెరికాలో కూడా ఆ కథ ఆదివాసీ దగ్గరికే వెళ్లి ఆగింది.

నీతికి సెలవు ఇచ్చిన బోర్డు

ఇది ఒక బ్యాంకు కథే అనుకోవద్దు. అంతకుముందు ఎన్రాన్ ఉంది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్ నగరంలో కరెంటు, గ్యాసు వ్యాపారం చేసిన కంపెనీ. 2000 జులైలో ఛైర్మన్ కెన్నెత్ లే ముందుమాటతో 60 పేజీలు దాటిన నీతి పుస్తకం వేసింది. గౌరవం, నిజాయితీ, మాటామంతీ, శ్రేష్ఠత అని నాలుగు విలువలు చెప్పుకుంది.

కంపెనీలో పనిచేసేవాడు కంపెనీతోనే సొంత వ్యాపారం చేయకూడదు అని ఆ కంపెనీ నీతి నియమం. గుమాస్తాకి అది శిలాశాసనం. మరి ఖజానా చూసే పెద్ద ఆఫీసరు ఆండ్రూ ఫాస్టోకి? 1999లోనే డైరెక్టర్ల బోర్డు కూర్చుని ఆయన కోసం ఆ నియమాన్ని పక్కన పెడుతున్నామని తీర్మానం చేసింది. ఆయన సొంతంగా డొల్ల సంస్థలు పెట్టుకుని ఎన్రాన్‌తో వ్యాపారం చేశాడు. కంపెనీ అప్పుల్ని వాటి చాటున దాచారు. ఆ సంస్థల మీద ఆయన 3 కోట్ల డాలర్ల పైన సంపాదించాడని కంపెనీ సొంత విచారణలోనే 2002 ఫిబ్రవరిలో తేలింది. లెక్కలు తనిఖీ చేయాల్సిన ఆర్థర్ ఆండర్సన్ సంస్థ 2000లో ఎన్రాన్ నుంచి 5.2 కోట్ల డాలర్లు తీసుకుంది, అందులో సగానికి పైగా సలహాల పేరు మీద. కావలివాడికి దొంగే జీతం ఇస్తే వాడు ఎవరి మీద మొరుగుతాడు?

2001 డిసెంబరు 2న ఎన్రాన్ దివాలా తీసింది. ఉద్యోగులు ముసలితనానికని దాచుకున్న సొమ్ములో సగానికి పైగా ఎన్రాన్ షేర్లలోనే ఉంది. 2000 ఆగస్టులో 90 డాలర్లున్న షేరు, దివాలా నాటికి డాలరు కూడా లేదు. వేలాది మందిని ఇంటికి పంపారు. దివాలా ముందురోజుల్లో సుమారు 500 మంది ముఖ్యులకు మాత్రం 5.5 కోట్ల డాలర్ల బోనస్ పంచారు.

ఈ ఎన్రాన్‌ని మన దేశం కూడా చూసింది. మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా దాభోల్ దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పెట్టడానికి 1992లో వచ్చింది. భూములు పోతాయి, చేపలు చస్తాయి అని ఊళ్లవాళ్లు, చేపలు పట్టేవాళ్లు ఎదురు తిరిగారు. 1997లో పోలీసులు వాళ్ల ఇళ్లలో దూరి ఆడవాళ్లని కూడా కొట్టారు. ఫ్యాక్టరీ దగ్గర పెట్టిన ఆ పోలీసులకు కంపెనీయే డబ్బు కట్టిందని హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 1999 జనవరిలో రిపోర్టు వేసింది. ఏడాదిన్నర తిరగకుండా అదే కంపెనీ పుస్తకంలో మొదటి విలువ 'గౌరవం'! ఆ కరెంటు ధర భరించలేక 2001లో మహారాష్ట్ర కరెంటు బోర్డు కొనడం ఆపేసింది.

ఇక మన హైదరాబాదు సంగతి. సత్యం కంప్యూటర్స్ న్యూయార్క్ షేరు బజారులో నమోదైన కంపెనీ. కంపెనీ పరిపాలన గురించి పాఠాలు చెప్పే హార్వర్డ్ ప్రొఫెసరు దాని బోర్డులో కూర్చున్నాడు. 2008లో మంచి పరిపాలనకి బంగారు నెమలి అవార్డు కూడా వచ్చింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాశాడు, లెక్కలన్నీ దొంగవని. వేల కోట్ల రూపాయలు కాగితం మీదే ఉన్నాయి. అమెరికా నీతిని దిగుమతి చేసుకుంటే దాంతోపాటు వచ్చే సరుకు ఇది.

పుస్తకం ఎందుకు వేస్తారు?

పాటించని పుస్తకాన్ని అంత ఖర్చు పెట్టి ఎందుకు వేస్తారు? 1991 నవంబరులో అమెరికాలో ఒక శిక్షా నిబంధన వచ్చింది. కంపెనీ నేరం చేసి పట్టుబడితే, దానికి ముందే మంచి నీతి కార్యక్రమం ఉందని చూపించగలిగితే జరిమానా తగ్గుతుంది. ఆ తర్వాత నీతి పుస్తకాలు, నీతి ఆఫీసర్లు, నీతి తరగతులు పుట్టగొడుగుల్లా లేచాయి. కింది ఉద్యోగి చేత పెట్టించుకునే సంతకం కూడా అందుకే. రేపు దొరికిపోతే 'మేం ముందే చెప్పాం, సంతకం కూడా పెట్టాడు, తప్పు వాడిదే' అనొచ్చు. ఆ పుస్తకం కంపెనీకి గొడుగు, పనివాడికి ఉరితాడు.

పుస్తకం వెనకాల ఉన్న అసలు సిద్ధాంతాన్ని మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్త 1970 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో దాపరికం లేకుండా రాశాడు. చట్టం లోపల ఉండి లాభం పెంచడమే వ్యాపారి సామాజిక బాధ్యత అన్నాడు. 2019 ఆగస్టులో 181 మంది అమెరికా కంపెనీ పెద్దలు కలిసి, లేదు లేదు, ఇకనుంచి ఉద్యోగుల మేలు, ఊరి మేలు కూడా చూస్తాం అని ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ఆ ప్రకటనకి చట్టం బలం లేదు. తప్పినవాణ్ణి అడిగే నాథుడు లేడు. కిందోడి సంతకం వాణ్ణి ఉద్యోగం నుంచి తీసేయడానికి పనికొస్తుంది. పైవాడి సంతకం ఫోటోకి పనికొస్తుంది.

1936లో రాసిన 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ అంబేడ్కర్ నియమం వేరు, సూత్రం వేరు అని తేల్చి చెప్పారు. నియమం ఇది చెయ్, అది చెయ్యకు అంటుంది. సూత్రం మంచీచెడూ తూచే తక్కెడ ఇస్తుంది, మనిషిని బాధ్యుణ్ణి చేస్తుంది. నియమాల మూటని మతం అని పిలవొద్దన్నారు. ఆ నియమాలు ఒక వర్గానికి ఒకరకం, ఇంకో వర్గానికి ఇంకోరకం కావడం అన్యాయం అన్నారు. కంపెనీ నీతి పుస్తకాన్ని ఈ తక్కెడలో పెట్టండి. నియమాల మూట, అదీ మనిషిని బట్టి మారే నియమాల మూట. ఇట్లాంటి పుస్తకాన్ని మనం ముందే చూశాం, 1927లో మహాడ్‌లో తగలబెట్టాం.

పుస్తకంలో లేని మాట

మన నేరాన్ని ఆ పుస్తకం ఎట్లా చూస్తుందో కూడా తెలుసుకోవాలి. 2020 జూన్ చివర కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో అనే కంప్యూటర్ కంపెనీ మీద కేసు పెట్టింది. అందులో ఒక దళిత ఇంజనీరుని పై కులాల మేనేజర్లు వేధించారన్నది ఆరోపణ. అతను కంపెనీకి ఫిర్యాదు చేస్తే, కుల వివక్ష ఇక్కడ చట్టవిరుద్ధం కాదని కంపెనీ మనుషులు చేతులు దులుపుకున్నారని ఆ ఫిర్యాదులో ఉంది. కంపెనీ కాదంది. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు వదిలేశారు, కంపెనీ మీద వదల్లేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు మాత్రం సభ దాటిన బిల్లును వీటో చేశాడు.

అమెరికా పోయినా కులం విమానం దిగి ముందే అక్కడ కూర్చుంది. అక్కడి చాలా నీతి పుస్తకాల్లో జాతి ఉంది, మతం ఉంది, రంగు ఉంది. కులం లేదు. పుస్తకంలో లేని దెబ్బకి మందు లేదు.

జైలుకి పోలేదా అంటారా?

కొందరు మిత్రులు అంటారు: అక్కడ కనీసం శిక్షలైనా పడతాయి, ఎన్రాన్ స్కిల్లింగ్ 12 ఏళ్లు జైల్లో ఉన్నాడు, ఫాస్టో కూడా పోయాడు, మన దగ్గర ఎవడు పోయాడు అని. నిజమే. ఆ మాట కొట్టిపారేయం. కానీ వాళ్లని జైలుకి పంపింది నీతి పుస్తకం కాదు. చట్టం, కోర్టు, వదలని విలేకరి, ఉద్యోగం పణం పెట్టి నోరు విప్పిన ఉద్యోగి. 2002లో కొత్త చట్టం తెచ్చి లెక్కల మీద పెద్దలే సంతకం చేయాలన్నారు. అబద్ధమైతే జైలే. అదీ పైవాడికి బిగించిన నియమం. వెల్స్ ఫార్గోని కదిలించింది కూడా పత్రిక, నగరం, ప్రభుత్వం. ఎథిక్స్ లైన్ కాదు. దొర మనసు మారి న్యాయం జరిగిన ఊరు మనమెవరం చూడలేదు. అమెరికాలోనూ లేదు.

కాబట్టి సంఘం పనిచేసేవాళ్లకు ఒక మాట. రేపు ఏ కంపెనీ మన ఊరికి వచ్చినా, మన పిల్లలు ఏ అద్దాల మేడలో పనికి చేరినా, నీతి పుస్తకం చేతిలో పెడతారు. చదవండి. చదివి ఐదు ప్రశ్నలు అడగండి. దీన్ని ఎవరు రాశారు, రాసేటప్పుడు మనల్ని అడిగారా? దీన్ని పక్కన పెట్టే అధికారం ఎవరికుంది? తప్పు జరిగితే ముందు ఎవరి ఉద్యోగం పోతుంది? ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి, అతనికి జీతం ఇచ్చేదెవరు? కాంట్రాక్టు కింద ఊడ్చే అమ్మకి, కాపలా కాసే అన్నకి ఇది వర్తిస్తుందా? అందులో కులం అన్న మాట ఉందా అన్నది ఆరోది, మనకు అన్నిటికంటే ముందుది.

జవాబులు రాతలో అడగండి. రాకపోతే ఆ పుస్తకాన్ని తెలుగులోకి తీసుకొచ్చి గూడెంలో చదివి వినిపించండి. కోటా ఎవరు పెట్టారో, లాభం ఎవరు తిన్నారో, శిక్ష వాళ్లకే పడాలని యూనియన్ కట్టి అడగండి. మనకు కావలసింది దొరగారు చెప్పే నీతి కాదు. దొర మెడకి కూడా పట్టే చట్టం, దాన్ని పట్టి లాగే మన చెయ్యి.